తాళాల పెట్టెకు సెలవిచ్చిన పండగ

మా పాపకు నీళ్లు పోసే ఆమె బుక్కరాయసముద్రం నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చేది. చెప్పులు వాకిట్లో విడిచి, కొంగు నడుముకు దోపుకుని, నేరుగా పెరట్లోకి పోయి కాగులో నీళ్లను మోచేత్తో చూసేది. పీట మీద కూర్చుని రెండు కాళ్లూ చాపి, వాటి మీద పాపను పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే, అంతవరకూ ఇల్లు ఎగరగొట్టిన పిల్ల గమ్మున అయిపోయేది. నేను మాత్రం ఆ సమయంలో పెరటి గడప దగ్గరికి పోయేదాన్ని కాదు. చెవిలో నీళ్లు పోతాయేమో, ముక్కులో పోతాయేమో, నూనె చేతుల్లోంచి పిల్ల జారిపోతుందేమో అని నాకు ప్రతిదీ భయమే. మొదటి రోజే ఆమె నన్ను అక్కడినుంచి తరిమింది.

"నువ్వు ఈడ నిలబడితే నీ భయం బిడ్డకు అంటుకుంటాది. లోపలికి పో తల్లీ."

ఆమెకు నలభై దాటి ఉంటాయి. లారీ డ్రైవరైన భర్త పోయి చాలా ఏళ్లయిందని మా అమ్మతో చెప్పిందట. పాప నెత్తిన మొదటి చెంబు పోసేటప్పుడు ప్రభువును తలుచుకునేది. అంతా అయి సాంబ్రాణి పట్టాక, ఆఖరి చెంబు నీళ్లు పాప చుట్టూ తిప్పి పారబోసి దిష్టి కూడా తీసేది. రెండూ ఒకే మనిషి చేస్తుంటే మా అమ్మకు నవ్వు. "ఏ దేవుడు పలికితే ఆ దేవుడు పలకనీలే పెద్దమ్మా" అనేది ఆమె. పురుడు తీరినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దు ఆమెతోనే మొదలయ్యేది.

నేను అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే క్లినిక్‌లో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. ఎంసీఏ చదివి ఇక్కడే ఉండిపోయానని కాలేజీ స్నేహితులు జాలిపడేవారు గానీ నాకు ఆ ఉద్యోగం మీద లోలోపల గర్వమే ఉండేది. అది హెచ్‌ఐవి ఉన్నవాళ్లు వచ్చే క్లినిక్. మా జిల్లాలో ఆ పేరు ఎవరూ పైకి అనరు, "ఆ జబ్బు" అంటారు. నేను చేరకముందు అక్కడ అన్నీ కాగితాలేనట. ఒకసారి పాత కాగితాలు పొరపాటున గుజిరీకి పోయి, అందులో ఒకటి బొరుగుల పొట్లమై గార్లదిన్నె పక్క ఒక ఊరికి చేరిందట. ఆ పొట్లం మీద పేరున్న మనిషి పెళ్లాం బిడ్డలతో ఆ ఊరు వదలాల్సి వచ్చింది. ఆ తర్వాతే కంప్యూటర్లు కొన్నారు, నన్ను తీసుకున్నారు. ప్రతి కాగితం ఎక్కించుకున్నాక వెనక ఖాళీ స్థలంలో కాల్చేశాం. పేషెంటు ఇంట్లో చీటీ కూడా ఉండకూడదని ఒక్కొక్కరికీ నంబరున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చాం. అది చూపిస్తే చాలు, మళ్లీ ఎవరూ ఏమీ అడగరు. అదే మేం వాళ్లకిచ్చిన మాట.

వెనక గదిలో కొన్ని పెట్టెలు ఉండేవి. ఒక్కో పేషెంటు వివరాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ నకళ్లు తీసి, ఆ పెట్టెల్లో తలా కొంచెం పెట్టేలా ఏర్పాటు చేశాం. ఒక పెట్టె చెడిపోయినా మిగతావి కలిసి వివరం మొత్తం ఇస్తాయి. డిస్కులన్నిటికీ తాళాలు. అంటే ఇనప తాళాలు కావు, పొడుగాటి అంకెలూ అక్షరాలూ. అవి లేకుండా డిస్కును ఎవడు ఎత్తుకుపోయినా, అది గుజిరీకి పోయినా, లోపల ఉన్నది అర్థం లేని చెత్తే. పెట్టె ఆగి మళ్లీ లేచినప్పుడల్లా దానికి దాని తాళం ఇవ్వడానికి వేరే ఒక చిన్న పెట్టె ఉండేది. దాన్ని తాళాల పెట్టె అనేవాళ్లం. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే గాబట్టి బ్యాటరీలు, జనరేటరు పెట్టుకున్నాం. ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుండేది, అన్నీ ఒకేసారి ఆగింది ఎప్పుడూ లేదు.

నాకు నెలలు నిండుతున్నప్పుడు తాళాల పెట్టెలో డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. పోయేలోపల తాళాలను వేరేచోట భద్రం చేయాలనుకున్నాను. నకళ్లతో అన్నిటికంటే భద్రంగా ఉండేది ఆ పెట్టెలన్నీ కలిసిన మా పెద్ద నిల్వే గదా అని, వాటిని తీసుకెళ్లి అందులోనే పెట్టాను. అనుమానం వచ్చిన డిస్కులో ఉన్న తాళాలు మార్చేయాలన్నది పద్ధతి, కాబట్టి అన్నీ మార్చి, కొత్తవి ఆ నిల్వలోనే ఉంచాను. కొత్త వాటిని కాగితం మీద రాసి, కవరు అంటించి, డాక్టరమ్మ బీరువాలో పాత కవరు తీసి ఇది పెట్టాలి. అది రేపు చేద్దామనుకున్నాను. ఆ రాత్రే నొప్పులు వచ్చాయి. మూడు నెలల తర్వాత తిరిగి పనిలో చేరినప్పుడు పెట్టెలన్నీ చక్కగా నడుస్తున్నాయి. నడుస్తున్నదాన్ని ఎవరు అనుమానిస్తారు? పాలు కారి తడిసిన జాకెట్టు మీద కొంగు కప్పుకోవడం, ఇంటికి ఫోన్ చేసి పాప తాగిందా పడుకుందా అని అడగడం, ఇదే నా ధ్యాస.

అప్పుడు ఆయుధ పూజ వచ్చింది. ప్రతి ఏడూ జీపు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కంప్యూటర్లకు గంధం కుంకుమ పెట్టి, బొరుగులు బెల్లం పంచేవాళ్లం. నడుస్తున్న పెట్టెల మీదే పూలు వేసేవాళ్లం. ఆ ఏడు మా లెక్కల సారు వెనక గదిలో తొంగి చూసి, "తిరుగుతాండే పనిముట్టుకు పూజ ఏందమ్మా, దానికీ ఒక పొద్దు సెలవు ఉండాల గదా" అన్నాడు. పెద్దాయన, పూజ ఎప్పుడూ ఆయన చేతి మీదే. ఆ పొద్దు పాపను కూడా తీసుకుపోయి ఉన్నాను. మొదటి పండగ. అందరూ ఎత్తుకుని ముద్దు చేస్తున్నారు, నా మనసు కూడా మెత్తగా ఉంది. అవును, ఏళ్ల తరబడి ఆగకుండా తిరుగుతున్నాయి పాపం అనిపించింది. పద్ధతిగా ఒక్కొక్కటీ ఆపాను. ఫ్యాన్ల హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాక ఆ గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తుడిచి, బొట్లు పెట్టి, చేమంతులు చుట్టాం. గేటు ముందర గుమ్మడికాయ కొట్టారు.

పండగ అయి మళ్లీ తెరిచిన రోజు మొదటి పెట్టెను లేపాను. అది తాళం అడిగింది. తాళాల పెట్టె ఇవ్వలేదు, ఎందుకంటే తాళాలు దానిలో లేవు, పెద్ద నిల్వలో ఉన్నాయి. పెద్ద నిల్వ తెరవాలంటే పెట్టెలు లేవాలి. బీరువా తాళంచెవిని అదే బీరువాలో పెట్టి తలుపు మూసినట్టు. ఇన్నాళ్లూ ఏదో ఒక పెట్టె తెరుచుకునే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. డాక్టరమ్మ బీరువాలో కవరు చింపి చూశాం. అందులో పాత తాళాలు. టిక్కుటిక్కుమన్న పాత డిస్కు కూడా బయటికి తీశాం, దాంట్లో ఉన్నవీ పాతవే. బెంగళూరులో నాతో చదివినవాడికి ఫోన్ చేస్తే, తాళం బాగా వేసినావు కాబట్టి నీకు కూడా తెరుచుకోదు అన్నాడు. ఎగతాళికి కాదు, అది నిజం.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి పచ్చి బాలింత, నిద్రలుండవు, ఎట్లా గుర్తుంటాది అంది. ఆపమన్నది నేనే గదా అని లెక్కల సారు తన నెత్తిన వేసుకోబోయాడు. డాక్టరమ్మ కూడా, పై ఆఫీసుకు రాసేటప్పుడు, బాధ్యురాలు ప్రసూతి సెలవులో ఉన్నందువల్ల అని రాయించింది. బుద్ధి ఉండి చేసిన తప్పును బిడ్డ పుట్టినందుకు జరిగినట్టు వాళ్లు మాట్లాడుతుంటే, కాదు అని చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఆ సాకే నా ఉద్యోగం నిలబెట్టింది. ఇంటికి వచ్చి పాపను ఎత్తుకుంటే, నా తప్పును ఆ పిల్ల మీద పెట్టి వచ్చినట్టు సిగ్గయింది.

కాగితాలు కాల్చేశాం, డిస్కులు తెరుచుకోవు. ఇక ఒకటే దారి, పేషెంట్లను మళ్లీ అడగడం. జబ్బు ఎప్పుడు తెలిసింది, మొగుడికి ఉందా, పిల్లలకు పరీక్ష చేయించారా, ఏ మందులు ఎప్పటినుంచి. ఇంకెప్పుడూ అడగబోమని మాట ఇచ్చిన ప్రశ్నలే. ఆడవాళ్లు ఆడవాళ్లకే చెప్తారని, సిస్టర్ ఒక్కతే చాలదని, నన్ను కూడా హాల్లో ఒక గుడ్డ తెర వెనక కూర్చోబెట్టారు. అంతవరకూ తాళాలు నా చేతిలో ఉన్నా లోపల ఎవరున్నారో నేను చూసేదాన్ని కాదు. నాకు అందరూ నంబర్లే. ఇప్పుడు మొహాలు వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

తెర గుడ్డది గాబట్టి వెనక బెంచీ మీదున్నవాళ్లకు ప్రతి మాటా వినబడుతుంది. అందరూ గొంతు తగ్గించి చెప్పేవారు, నేను వినబడక మళ్లీ అడిగేదాన్ని. ఒక పెద్దాయన, ఆడవాళ్ల వరసలో పొరపాటున వచ్చి కూర్చున్నాడు. పోయినసారి చెప్పిందంతా యాడికి పోయిందమ్మా అని అడిగాడు. మిషను చెడిపోయింది తాతా అన్నాను.

"మీ మిషను మరిచిపోతే నేను గుర్తు చెయ్యాల్నా?" అన్నాడు. "నేనే మరిచిపోదామని చూస్తాండా."

ఆయన లేచి బయటికి పోయాడు. ఆయన బిళ్ల మేజా మీదే ఉండిపోయింది. సిస్టర్ పరుగున వెంటపడి ఆయన్ను వెనక్కి తెచ్చింది.

మధ్యాహ్నం దాటాక, కొంగు నెత్తి మీదుగా కప్పుకుని ఒకామె తెర పక్కకు తోసి లోపలికి వచ్చింది. పిడికిలి తెరిచి బిళ్ల నా ముందు పెట్టింది. నేను ముందు చూసింది ఆ చేతినే. ఆ వేళ్లు నాకు బాగా తెలుసు. పొద్దున పాప ముక్కును సుతారంగా నొక్కి సరిచేసిన వేళ్లు.

ఆమె నన్ను చూసి సగం లేచింది. మళ్లీ కూర్చుంది. బెంచీ మీద ఎవరిదో దగ్గు.

"నువ్వా రాసుకునేది" అంది చివరికి.

సిస్టర్‌ను పిలుస్తాను అక్కా అన్నాను. వద్దులే, ఎవరికో ఒకరికి చెప్పాల్సిందే గదా అంది. నేను కీబోర్డు మీదినుంచి కళ్లు ఎత్తకుండా అడిగాను, ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. లారీ డ్రైవరు మొగుడు, అతను పోయాకే తెలియడం, మందులు తప్పకుండా వేసుకోవడం. పిల్లల గురించి అడిగినప్పుడు, ఒకటి పుట్టి పోయింది అంది, అంతే. వరసలో తర్వాతి ప్రశ్న, ఏం పని చేస్తారు అని. ఆ గడి మీద కర్సరు పెట్టాను. ఆమే స్క్రీను వైపు వంగి చూసింది.

"ఏం పనో కూడా నేనే చెప్పాల్నా? నీకు తెలిసిందే గదమ్మా."

ఇండ్లలో పని అని టైపు చేశాను. ఆమె బిళ్ల తీసుకుని కొంగు చివర ముడేసుకుంది. లేచి తెర దగ్గర ఆగి, రేపు పొద్దున వస్తా అంది. అది ప్రశ్నో కాదో నాకు తెలియలేదు. రా అక్కా అన్నాను. నా గొంతు మామూలుగానే ఉందనుకున్నాను.

నీళ్లు పోస్తే, నూనె రాస్తే, ఎత్తుకుంటే ఆ జబ్బు అంటదు. క్లినిక్ గోడ మీది ఆ పోస్టరు తెలుగులో టైపు చేసింది నేనే. దాన్ని నిద్రలో అడిగినా చెప్పగలను. ఆ సాయంత్రం మా అమ్మకు గానీ, మా ఆయనకు గానీ నేను ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం కష్టమేమీ కాలేదు, అది నా ఉద్యోగం. మర్నాడు ఆమె వచ్చింది. చెప్పులు విడిచింది, కొంగు దోపింది, మోచేత్తో నీళ్లు చూసింది. పాపను నా చేతుల్లోంచి అందుకుంది. నేను లోపలికి పోవాలి. ప్రతిరోజూ పోయేదాన్ని. ఆ పొద్దు నా కాళ్లు పెరటి గడపలోనే ఆగిపోయాయి. తలుపు పట్టుకుని, ఆమె వేళ్ల మీద ఎక్కడైనా గీతలున్నాయా, గోళ్ల పక్కన చర్మం లేచిందా అని చూస్తున్నాను. చూస్తున్నట్టు నాకే తెలియదు. ఆమె తల తిప్పినప్పుడు తెలిసింది.

ఆమె పాపను కాళ్ల మీద అట్లాగే ఉంచి, తడి చేతులు రెండూ పైకెత్తి, ముందు అరచేతులు, తర్వాత వెనక వైపు తిప్పి నాకు చూపించింది.

"చూడు. యాడా గీటు లేదు."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు, దానికి అర్థం కూడా ఉండి ఉండదు. ఆమె ఏ తొందరా లేకుండా మొత్తం పని చేసింది. శనగపిండి రాసింది, నీళ్లు పోసింది, తుడిచింది, సాంబ్రాణి పట్టింది. చెంబుడు నీళ్లు తిప్పి పారబోసింది. ప్రతిరోజూ నా చేతుల్లో పెట్టే పాపను ఆ పొద్దు చాప మీద మెత్తటి పాత చీర పరిచి దాని మీద పడుకోబెట్టింది. నేను చేతులు చాచే ఉన్నాను.

"రేపటి నుంచి నువ్వే పోసుకో తల్లీ. బిడ్డ మెడ నిలబడిందిలే" అంది.

మెడ నిజంగానే నిలబడింది. మా అమ్మకు చెప్పడానికి నాకు ఒక మాట కూడా ఆమే ఇచ్చి పోయింది. ఆటో దాకా వెంట పోవాల్సింది. వాకిట్లోనే నిలబడ్డాను. సిగ్గుతో పాటు, ఇంకొకటి కూడా ఉంది. అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. ఆ ఆటో మలుపు తిరిగాక నాకు ఊపిరి తేలికగా వచ్చింది.

ఆయమ్మను ఏమన్నా అన్నావా అని అమ్మ వదలకుండా అడిగింది. అంత మంచి చెయ్యి మళ్లీ దొరకదని గొణిగింది. మెడ నిలబడింది గదమ్మా అన్నాను. మెడ నిలబడితే నీళ్లు మాన్పిస్తారా ఎవురన్నా, సంవత్సరం దాకా పోస్తారు అంది. ఇంటికి రమ్మని పిలవడానికి తానే బుక్కరాయసముద్రం పోయి వచ్చింది. ఆమె నవ్వుతూ మాట్లాడి, టీ ఇచ్చి, నడుము నొప్పి పెద్దమ్మా అని చెప్పి పంపిందట.

క్లినిక్‌లో పెట్టెలన్నీ చెరిపి, మళ్లీ మొదటి నుంచీ కట్టాం. తాళాలు ఈసారి వేరే చోట పెట్టాం, కవర్లు ఆ పొద్దే రాసి అంటించాం. ఆమె బిళ్ల మీది నంబరు నాకు నోటికి వచ్చేసింది. ఎవరూ లేనప్పుడు, మందులకు వచ్చిందా లేదా అని ఆ నంబరు తెరిచి చూసేదాన్ని. వచ్చేది. నేను సెలవు పెట్టే రోజుల్లోనే వచ్చేది. మూడోసారి చూశాక, నేను చేస్తున్నది గడపలో నిలబడటమేనని అర్థమైంది. డాక్టరమ్మ దగ్గరికి పోయి, వివరాలు తెరిచే పెద్ద తాళాన్ని రెండు ముక్కలు చేద్దాం, ఒకటి నా దగ్గర, ఒకటి సిస్టర్ దగ్గర, ఇద్దరం కూర్చుంటేనే తెరుచుకోవాలి అన్నాను. మొన్న జరిగినదానికి భయపడి అంటున్నావు, మంచిదే అందామె. ఇప్పుడు పేషెంటు వివరాలు నేను ఒంటరిగా తెరవలేను. ఆమె వస్తోందో లేదో నాకు తెలియదు. సిస్టర్‌ను అడగను.

తాళం అంతవరకే. నా దగ్గరున్నది ఇంకొకటి ఉంది, నాకు తెలిసిన ఆమె సంగతి, దాన్ని ముక్కలు చేయడం కుదరదు. పోయిన నెల పక్కింటి అమ్మాయి, నిండు నెలలతో, గోడ మీదుగా పలకరించింది.

"అక్కా, మీ పాపకు నీళ్లు పోసిన ఆయమ్మ ఎట్లా పోస్తాది? మా అత్త ఆయమ్మనే పిలుస్తామంటాంది."

చాలా బాగా పోస్తుంది అని చెప్పాలి. చెప్పాను కూడా. మంచి చెయ్యి, పిల్ల ఏడవను కూడా ఏడవదు, కళ్లు మూసుకుని పిలుచుకో అన్నాను. కానీ ఆ మాటకు ముందు కొంచెం ఆగాను. గుటక వేసేంతసేపు. ఆరేసిన బట్టలు సర్దుతున్నట్టు అటు తిరిగాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆ అమ్మాయి నా మొహమే చూస్తోంది.

"మరి ఎందుకు మానిపించినావు?"

పాప మెడ నిలబడింది అన్నాను. సరేలే అక్కా అని లోపలికి పోయింది.

వాళ్లకు కొడుకు పుట్టాడు. నీళ్లు పోయడానికి వేరే ఎవరో వస్తోంది. నేను ఆగినందుకేనా, ఆటో చార్జీ ఎక్కువనా, దగ్గరి మనిషి దొరికిందనా, నాకు తెలియదు. అడిగితే ఇంకొంచెం తెరిచినట్టు అవుతుంది. పొద్దున నేను పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, మా పాపకు నీళ్లు పోస్తుంటే, గోడ అవతల ఆ పిల్లవాడు మొదటి చెంబు నుంచి ఆఖరి చెంబు దాకా ఏడుస్తూనే ఉంటాడు. ఆమె కాళ్ల మీదైతే ఊరుకుని ఉండేవాడు.